మూడో మనిషి సాక్ష్యం

"మోడెమ్ ఇవ్వలేను మాస్టారూ. దేవుడికాడ ఎట్టీసినాం," అన్నాడు కూర్మారావు, సగం ఎత్తిన షట్టరు కింద నిలబడి.

జానకిరామ్ వంగి లోపలికి చూశాడు. ఇంటర్నెట్ సెంటరులో ఉన్న కంప్యూటర్లన్నింటికీ పసుపు రాసి బొట్లు పెట్టారు. వెనక వసారాలో పీట మీద మట్టి వినాయకుడు. ఆయన పాదాల దగ్గర, పత్రికీ ఉండ్రాళ్లకూ నడుమ, పిల్లల పాఠ్యపుస్తకాల మీద మోడెమ్ కొలువుతీరి ఉంది. కాశీబుగ్గ బజారంతా మూతపడింది. జీడి బట్టీల పొగ వాసన కూడా లేదు.

"పనిముట్టుకు పని చెప్పడమే దానికి చేసే పూజ," అన్నాడు జానకిరామ్. "ఇందుకోసం టెక్కలి నుంచి బస్సులో నిలబడి వచ్చాను. ఎల్లుండి కొలంబోలో హేతువాదుల మహాసభలకు వెళ్తున్నాను. అక్కడ ఉన్నన్నాళ్లూ ఏదో ఒక నెట్ సెంటరులో కూర్చుని షేర్లు కొనగలనో, అమ్మగలనో ఈ రోజే తేలాలి."

"రేపు సూసుకుంతే పోద్ది గదా."

"పోదు. కావాలనే ఈ రోజు ఎంచుకున్నాను. చవితినాడు వినాయకుణ్ణి కొలవకుండా పని మొదలుపెడితే విఘ్నం తప్పదంటారు కదా. రెండు పరీక్షలూ ఒకేసారి అయిపోతాయి."

ఈ ధీమా వెనక చిన్న దిగులు కూడా ఉంది. ఫిజిక్సు లెక్చరరుగా రిటైరైనప్పుడు చేతికొచ్చిన సొమ్ములో సగం, పోయిన వారమే మొదటిసారిగా షేర్లలో పెట్టాడు. భార్య మహాలక్ష్మి షరతు పెట్టింది. పరాయి చోట, పరాయి లైను మీద ఒక్క అమ్మకమైనా చేసి చూపిస్తే సరే. లేదంటే షేర్లన్నీ వదిలించుకున్నాకే విమానం ఎక్కాలి.

కూర్మారావు భార్య నాగమణి కొబ్బరికాయతో బయటికి వచ్చింది.

"పూజ అయిందాకా ఆగండి మాస్టారూ. ఆయనకి కోపం వొత్తే మీ యాపారం ఆగిపోద్ది."

"ఆగితే నేనే గుంజీళ్లు తీస్తానమ్మా, మీ పీట ముందు, వీధిలోవాళ్లందరూ చూస్తుండగా. కానీ ఊరికే ఆగితే చాలదు. వినాయకుడి వల్లే ఆగిందని రుజువు కావాలి. భక్తులు కాబట్టి మీ ఇద్దరి సాక్ష్యం చెల్లదు. ఈ గొడవతో సంబంధం లేని మూడో మనిషి, తనంతట తాను ఆ మాట అనాలి."

"అలగే. మాట మీద నిలబడాల మరి," అంది నాగమణి. మోడెమ్ తీసి, దాని మీది అక్షింతలు దులిపి ఇచ్చింది.

పది దాటాక జానకిరామ్ తన ఖాతా తెరిచాడు. పది షేర్లు అమ్మకానికి పెట్టాడు. 'పెండింగ్' అని వచ్చింది. కాసేపు ఆగాడు. అప్పుడూ పెండింగే. ధరల పట్టికలో ఒక్క అంకె కూడా కదలడం లేదు. పేజీని మళ్లీ మళ్లీ తెప్పించాడు. అదే పట్టిక, అవే అంకెలు.

"నిన్న సాయంత్రం ధరలు చూపిస్తోందయ్యా నీ లైను," అన్నాడు. "కొత్త పేజీ మోసుకొచ్చే సత్తువ దానికి లేదు."

కూర్మారావు మొహం ఎర్రబడింది. "మీరు సదువు సెప్పినోరు, ఏటన్నా పడతాను. నా లైనుని మాత్రం అనకండి. పలాస మొత్తమ్మీద ఇలాటి లైను ఇంకోటి సూపించండి." మౌసు లాక్కుని క్రికెట్ పేజీ తెరిచాడు. స్కోరు వెంటనే వచ్చింది. రైళ్ల పేజీ తెరిచాడు. అదీ వచ్చింది. "సూసినారా?"

జానకిరామ్ శాస్త్రీయంగా ఒక్కొక్క కారణాన్నీ కొట్టేసుకుంటూ వెళ్లాడు. కరెంటు ఉంది. ఫోను తీగ బాగుంది. మోడెమ్ దీపాలు వెలుగుతున్నాయి. కంప్యూటరు మార్చాడు, పాస్‌వర్డు మళ్లీ కొట్టాడు. అమ్మకం అంగుళం కదలలేదు. చివరికి మోడెమ్‌ను తలకిందులు చేసి ఊదాడు. సన్నగా పసుపు రాలింది.

"ఇదీ దోషి," అన్నాడు. "యంత్రానికి పసుపు తినిపించారు."

"ఇంకా సెంద్రుడు పొడవనేదు, అప్పుడే మాకు నిందలొచ్చి పడ్డాయి," అంది నాగమణి. "పసుపు తిన్న మోడెమ్ము క్రికెట్టు ఎలా సూపించింది మాస్టారూ? మీ షేర్లంతేనే దానికి పడదా?"

ఆ ప్రశ్నలో హేతువు ఉంది. అది జానకిరామ్‌కు మరీ బాధ కలిగించింది.

"లోపం ఇక్కడ లేకపోతే అక్కడ ఉంటుంది. కారణం లేని కార్యం ఉండదు," అంటూ సెల్‌ఫోను తీసి విశాఖలోని బ్రోకరు ఆఫీసుకు చేశాడు. ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేశాడు.

"స్పీకరు ఎట్టండి. మేమూ యింతాం," అన్నాడు కూర్మారావు.

"తప్పకుండా పెడతాను. వాళ్ల సర్వరు చెడిందని మీ చెవులతోనే వినండి."

ఈసారి ఒక ముసలి గొంతు పలికింది.

"సార్లెవరూ నేరు బాబూ. నేను వాచ్‌మేన్ని."

"పట్టపగలు ఎవరూ లేకపోవడమేమిటి? పొద్దుటి నుంచి నా అమ్మకం ఆగిపోయి ఉంది. ఎందుకు ఆగిందో చెప్పగలిగే మనిషి ఒక్కడు కావాలి నాకు."

"దానికి సార్లెందుకు బాబూ, నేను సెప్పనా? వినాయకుడి వల్లే ఆగింది. ఇయ్యాల సవితి గదా, బొంబాయిలో షేరు బజారే మూసీసినారు."