చప్పుడు లేని బండి

గుమ్మానికి తాళం వేలాడుతోంది. వరండాలో కుర్చీ మీద పేపరు తెరిచే ఉంది. పక్కన గ్లాసులో కాఫీ ఇంకా పొగలు కక్కుతోంది.

శాలిని పళ్ళు నూరుతూ కవరు మీద "తలుపు తాళం" అని రాసింది. కోర్టు నోటీసు ఇలా వెనక్కి పోవడం ఇది నాలుగోసారి.

నోటీసు అందుకోవలసినవాడు సొలొమోను గారు. హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు. చర్చిలో పెద్ద. ఆదివారం మొదటి వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా ఆమెన్ అనేది ఆయనే.

ఆయన ఉపాయం ఉయ్యూరులో ఆ వీధి వీధంతటికీ తెలుసు. పొద్దున్నే ముందు తలుపుకి బయటినుంచి తాళం వేస్తాడు. దర్జాగా వరండాలో కూర్చుంటాడు. పోస్టు పంచే శాలిని పాత మోపెడ్ డబడబమంటూ మలుపు తిరగ్గానే, పక్క సందులోంచి దొడ్డివైపు వెళ్ళి లోపల గడియ పెట్టుకుంటాడు. ఒకసారి ఆమె బండిని మలుపులోనే ఆపి నడిచి వెళ్ళింది. చప్పుడు ఆగిపోవడమే ఆయనకు కబురైంది.

"నీకెందుకమ్మా అంత పంతం?" అన్నాడు ఆఫీసులో పక్క బీటు పోస్ట్‌మాన్ జాన్‌బాబు. "ఎవరో తెరేసమ్మంట. ఎప్పుడో ఈయన తనని చర్చిలో పెళ్ళాడి వదిలేశాడని కేసేసింది. ఆవిడెవరో నాకు తెలీదని ఈయన ఊరంతా చెప్తన్నాడు. మన పని ఇవ్వటం. కుదరకపోతే వెనక్కి పంపటం."

"ఇంకోసారి వెనక్కెళితే కేసు మూలపడిపోద్దంట బాబాయ్."

"పడితే మనకేంటి?"

"మనకేం లేదు. నా మీద అర్జీలు పెట్టాడుగా. ఊరికే వదుల్తానా?"

ఈ పిల్ల జాన్‌బాబుకి ఎప్పుడూ అర్థం కాదు. విజయవాడ వన్ టౌన్‌లో ఇంటిపక్క ఆఫీసు వదులుకుని, రోజూ గంటసేపు బస్సులో నలిగే ఉయ్యూరుకి బదిలీ అడిగి మరీ వచ్చింది. అందరూ వద్దనే బీటు తీసుకుంది.

అర్జీల మాట మాత్రం నిజం. ఒకటి కాదు, తొమ్మిది. "ఈ పోస్టు బండి పొగకు దగ్గు, చప్పుడుకు గుండెదడ. పర్యావరణాన్ని కాపాడవలసిన ప్రభుత్వమే ఇలా కాలుష్యం పంచితే ఎలా? పైగా ఈమె ఇంటికి రాకుండానే తాళం అని రాసుకుపోతోంది." దొంగే దొంగ దొంగ అని అరిచినట్టుంది. శాలినిని ఆ వీధి నుంచి తప్పించాలని ఆయన ఎత్తు.

మెమో వచ్చింది. సంజాయిషీ ఇమ్మన్నారు. శాలిని మెమోని రెండుసార్లు చదివి, చాలా రోజుల తర్వాత నవ్వింది.

"అర్జీదారు రాసింది నిజమే. నా బండికి పొగా ఎక్కువే, చప్పుడూ ఎక్కువే. ఈ బీటుకి ఎలక్ట్రిక్ బండి ఇప్పించగలరు" అని రాసిచ్చింది.

"తప్పు ఒప్పేసుకుంటావేంటమ్మా?" అన్నాడు జాన్‌బాబు కంగారుగా.

అప్పటికే తపాలా శాఖ పెట్రోలు బండ్లు తగ్గించే పనిలో ఉంది. కొత్త బండ్లు ముందు ఎవరికివ్వాలో పైవాళ్ళకి తేలడం లేదు. ఫిర్యాదున్న బీటుకే మొదటిది అన్నారు. ఎలుకే వెళ్ళి పిల్లి మెడలో గంట విప్పమని అర్జీ పెట్టుకుంటే ఎవరు మాత్రం కాదంటారు?

రిబ్బను కత్తిరించారు. వేపమొక్క నాటారు. ఒక అధికారి మైకు ముందు అరగంటసేపు భూగోళాన్ని రక్షించాడు. శాలిని చప్పట్లు కొట్టింది గానీ, ఒక్క ముక్కా వినలేదు. ఆమె సంచిలో ఐదో నోటీసు ఉంది.

మర్నాడు పదింటికి బండి ఆ వీధి మలుపు తిరిగింది. దారిలో గింజలు ఏరుకుంటున్న కోడి కూడా తలెత్తలేదు. శాలిని హారన్ కొట్టబోయి మానుకుని, దాన్ని చుట్టి వెళ్ళింది.

సందు మొహానికి అడ్డంగా బండి ఆపింది. మెట్లెక్కింది.

"సొలొమోను గారండీ, రిజిస్టరు."

పేపరు మెల్లగా కిందికి దిగింది. ఆయన ముందు ఆమెను చూడలేదు, సందువైపు చూశాడు.

"నీ బండి చప్పుడేదీ?"

"మీరే వద్దన్నారు కదండీ."

ఆయన పేపరు మడిచి లేచాడు. "కళ్ళజోడు లోపలుంది. తెచ్చుకొస్తానుండు."

"తలుపు తాళం వేసుంది కదండీ."

"తీసుకోనంటే?"

"తిరస్కరించారని రాస్తానండి. కోర్టులో అది అందినట్టే."

ఇప్పుడు సంతకానికి కాగితం కూడా అక్కర్లేదు. శాలిని ఫోను చాపింది. ఆయన వేలితో అద్దం మీద ఒక్కో అక్షరం దిద్దాడు. అది చూస్తుంటే ఆమెకు కడుపు నిండినట్టయింది. జాలి పుడుతుందేమోనని భయపడింది. పుట్టలేదు. చివరి అక్షరం పూర్తయ్యేదాకా రెప్ప వేయకుండా చూసింది.

"అమ్మాయ్," అన్నాడాయన, కవరు విప్పకుండానే. "ఆ అర్జీలవీ మనసులో పెట్టుకోబాక."

"అర్జీలాండీ? అయ్యెప్పుడో మర్చిపోయానండి."

ఆ సాయంత్రం వన్ టౌన్‌లో బస్సు దిగి, పరుగులాంటి నడకతో ఇల్లు చేరి, చెప్పులైనా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మా, నాన్న సంతకం పెట్టాడు" అంది.