గట్టు మీద తోడు

“రేపు నేనొక్కడినే వెళ్తాను. మీ అమ్మగారికి నువ్వే చెప్పాలి” అన్నాడు తేజేశ్వర్, గొంతు బాగా తగ్గించి.

భవిత డిష్‌వాషర్‌లో కంచాలు సర్దుతోంది. తల కూడా ఎత్తలేదు. “చేపలు పట్టేది మీరిద్దరూ. మధ్యలో నేనెందుకు? నువ్వే చెప్పుకో.”

“అత్తగారితో ‘మీరు రావద్దండీ’ అని నేనెలా అంటాను?”

“కన్నతల్లితో నేను మాత్రం ఎలా అంటాను? ఇండియా నుంచి వచ్చి రెండు నెలలైంది. ఈ కాపెల్ ఊళ్లో అమ్మకి నచ్చింది ఆ లేక్ ఒక్కటే.”

“అది కాదు భవితా. ఫిషింగ్ అంటేనే ఒంటరిగా చేసే పని. వారమంతా మీటింగుల్లో వాగి వాగి నోరు నొప్పెడుతుంది. శనివారం ఆ మూడు గంటలైనా మాటా మంతీ లేకుండా కూర్చుందామంటే, పక్కన మనిషి ఉంటే కుదురుతుందా?”

“ఒంటరిగా వెళ్లే రోజుల్లో నెలకి ఎన్నిసార్లు వెళ్లావు?”

“అప్పుడు వర్క్ ఎక్కువ.”

“అప్పుడు నిద్ర ఎక్కువ” అంది భవిత, డిష్‌వాషర్ తలుపు మూస్తూ.

పొద్దున్న అయిదున్నరకి బెడ్‌రూమ్ తలుపు మీద రెండు దెబ్బలు పడ్డాయి. “బాబూ, కాఫీ.”

గత ఆరు వారాలుగా ప్రతి శనివారం ఇదే వరస. తేజేశ్వర్ కళ్లు నులుముకుంటూ బయటికి వచ్చేసరికి అత్తగారు లక్ష్మీకాంతం నేతచీర కట్టుకుని, దాని కింద కూతురి పాత స్పోర్ట్స్ షూస్ వేసుకుని, ఇంగువ కలిపిన గోధుమపిండి ముద్దని డబ్బాలో పెట్టుకుని, వాకిట్లో సిద్ధంగా నిలబడి ఉంది. దుప్పట్లోకి మళ్లీ దూరే దారి లేదు.

లేక్ దగ్గర ఇంకా ఎండ రాలేదు. గట్టు మీద రెండు మడతకుర్చీలు వేశాడు. ఆవిడ చిన్న పిండి ఉండ గాలానికి గుచ్చి, చేతి వాటం చూసుకుని నీళ్లలోకి విసిరింది. అతను కూడా విసిరాడు.

చెప్పాల్సిన మాట దారిలోనే తయారుచేసుకున్నాడు. ‘అత్తయ్యగారూ, వచ్చే వారం నుంచి మీరు హాయిగా ఇంట్లో రెస్ట్ తీసుకోండి.’ అంతే. కానీ పెద్దావిడతో ఎత్తుకోవడమే అలా అంటే బాగుండదు. అందుకని ముందు ఎండల సంగతి ఎత్తాడు. టెక్సాస్‌లో జూన్ ఎలా ఉంటుందో, ఆగస్టు ఇంకెలా ఉంటుందో చెప్పాడు.

“ఊఁ” అంది ఆవిడ.

ఎండల నుంచి వడగళ్లలోకి, వడగళ్ల నుంచి ఇంటి కప్పులోకి, కప్పు నుంచి ఇన్సూరెన్స్‌వాళ్లలోకి వెళ్లాడు. అక్కడి నుంచి ఆఫీసు ఎంతో దూరం లేదు. కొత్త మేనేజర్ వచ్చాడు. వాడికి ఏమీ తెలియదు. ఆ తెలియనివన్నీ ఒక్కొక్కటిగా చెప్పాడు. ఆ తర్వాత గ్రీన్‌కార్డ్ క్యూ.

“అవునా బాబూ” అంది ఆవిడ, నీళ్ల మీద నుంచి చూపు తిప్పకుండా.

గంట గడిచింది. అసలు మాట మాత్రం గొంతు దాటలేదు.

“బాబూ, మీ బెండు” అంది ఆవిడ మెల్లగా.

చూసేసరికి గాలపుతాడుకి కట్టిన బెండు ఒకసారి మునిగి మళ్లీ తేలింది. లాగితే ఖాళీ కొక్కెం వచ్చింది. ఎర తినేసి చేప తన దారిన తాను పోయింది.

‘చూశావా, పక్కన మనిషి ఉంటే ఇంతే’ అనుకున్నాడు తేజేశ్వర్ మనసులో. ఇక చెప్పేయాల్సిందే. కుర్చీలో సర్దుకుని గొంతు సవరించుకున్నాడు. “అత్తయ్యగారూ...”

ఆవిడ రాడ్ ఒక్కసారిగా విల్లులా వంగింది.

“వల” అంది ఆవిడ.

తేజేశ్వర్ చేతివల అందుకుని గట్టు దిగాడు. బురదలో కాలు జారి మోకాళ్ల లోతు నీళ్లలోకి వెళ్లిపోయాడు. ఇంకో అడుగు జారేవాడే, వెనకే నీళ్ల అంచు దాకా దిగిన ఆవిడ ఎడమచేత్తో అతని చొక్కా కాలర్ పట్టుకుంది. కుడిచేతిలో రాడ్ వదల్లేదు. అలా ఆవిడ ఒక చేత్తో అల్లుణ్ని, ఇంకో చేత్తో చేపని నిలబెట్టింది. రెండు నిమిషాల పెనుగులాట తర్వాత మూరెడు పొడుగు జెల్ల చేప వలలో పడింది.

ఆవిడ చీలమండల దాకా తడిసిపోయి, పగలబడి నవ్వింది. అతనికీ నవ్వొచ్చింది. ఫోన్ తీసి ఆవిణ్ని చేపతో పాటు పన్నెండు ఫోటోలు తీశాడు. ఇలాంటిదాన్ని ఒక్కడే ఉండి పడితే పక్కకి తిరిగి ఎవరికి చూపించేవాడు? ఆ ఆలోచన రాగానే, తయారుచేసుకున్న మాటని మింగేశాడు.

ఇంటికి రాగానే లక్ష్మీకాంతం చేపని కడగడానికి పెరట్లోకి వెళ్లింది. భవిత, భర్త తడిసిన ప్యాంటు వైపు చూసి, “చెప్పావా?” అంది.

“లేదు. ఇక చెప్పను కూడా” అన్నాడు తేజేశ్వర్ గంభీరంగా. “పాపం పెద్దావిడ. నా తోడు లేకపోతే ఎక్కడికి వెళ్తుంది? ప్రశాంతత పోతే పోయింది, నేనే సర్దుకుంటాను.”

భవిత పెరటి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. నవ్వు ఆపుకోలేక స్టూల్ మీద కూలబడింది.

“ఎందుకా నవ్వు?”

“మూడు వారాల నుంచి అమ్మ నాతో అంటున్నదీ ఇదే తేజా, ‘అల్లుడుగారు కాస్త నోరు మూసుకుంటే బుట్టెడు చేపలు పడతాయే, కానీ నేను లేపకపోతే ఆయన మంచం దిగరు కదా, పోనీలే పాపం అని నేనే సర్దుకుంటున్నాను’ అని.”