ఒక్క పేరు

"ఒక్క పేరు చెప్పమ్మా, ఈ కాగితం ఇక్కడే చింపేస్తాను. చెప్పలేదనుకో, రేపు పొద్దున ఆర్డీవోగారి చేతిలో ఉంటుంది. ఈ గదికి తాళం పడుతుంది."

రైసుమిల్లు బసవపున్నయ్యగారు ఈ గది మూయించమనే అరవై సంతకాల అర్జీని బల్ల మీద పరిచి కూర్చున్నారు. తిరువూరు బజార్లో ఆయన మాటకి తిరుగులేదు. బల్లకి ఇవతల నర్సు గ్లోరి ఉంది. మత్తుబిళ్లలకి అలవాటు పడ్డవాళ్లకి మందిచ్చే ఆ చిన్న గదికి డాక్టరు వారానికోసారి వస్తాడు. మిగతా రోజులన్నీ ఆవిడే దిక్కు.

"పేర్లు చెప్పకూడదండి," అంది గ్లోరి.

"బిళ్లలు మానమని చెప్పాల్సింది పోయి మళ్లీ బిళ్లలే ఇస్తున్నారంట! ఇదెక్కడి వైద్యం?"

"ఇది మత్తు కోసం కాదండి, అది మానితే వచ్చే వణుకు ఆగడం కోసం. నాలుక కింద పెట్టుకుని, కరిగేదాకా నా ఎదురుగానే కూర్చోవాలి. ఫ్రాన్సులో..."

"ఫ్రాన్సా! గంపలగూడెం దాటి ఎరగవు, ఫ్రాన్సు గొడవ నీకెందుకు?"

"ట్రైనింగులో చెప్పారండి. అక్కడ హెరాయిన్ సూదులకి కుర్రాళ్లు రాలిపోయారంట. పాతికేళ్లపాటు 'మానేస్తావా, జైలుకి పోతావా' అన్నారు. ఎవరూ మానలేదు. చివరికి తొంభై ఐదులో ఈ మందునే మామూలు డాక్టర్లని కూడా రాయమన్నారు. నాలుగేళ్లు తిరిగేసరికి అయిదుగురు పోయేచోట ఒక్కరు పోయారు. ఇంకోటండి, మందు కోసం వచ్చినవాడు పేరు చెప్పక్కర్లేదని డెబ్భైలోనే చట్టం రాసుకున్నారు. పేరు అడిగితే ఎవరూ గుమ్మం ఎక్కరని వాళ్లకి అప్పుడే తెలుసు!"

చెబుతుంటే ఆవిడ మొహం వెలిగిపోయింది. కంటితో చూడని దేశాన్ని పుట్టింటిలా పొగడటం గ్లోరికే చెల్లింది.

"కబుర్లు బాగానే ఉన్నాయి. బాగుపడ్డవాణ్ణి ఒక్కణ్ణి చూపించు," అన్నారాయన. "మనిషంటే మా లారీ డ్రైవర్ స్టీఫెన్‌లా ఉండాలి. ఎనిమిది నెలలుగా ఒక్క నాగా లేదు. మాట తూలడు, బండి గీరుకోదు. అలాంటివాడు ఈ గడప తొక్కుతాడా?"

గ్లోరి బల్ల మీదున్న పేషెంట్ల రిజిస్టరు మూసేసింది. ఈ గడప తొక్కబట్టే స్టీఫెన్‌కి ఆ ఎనిమిది నెలలు. ఇందాక తొమ్మిదింటికి ఇక్కడే కూర్చుని, మందు కరిగాక దణ్ణం పెట్టి డ్యూటీకి వెళ్లాడు. ఆ పేరు ఒక్కటి అంటే చాలు, గది నిలబడుతుంది. దీన్నే నమ్ముకున్న ముప్పైమంది నిలబడతారు. స్టీఫెన్ ఉద్యోగం మాత్రం సాయంత్రానికి ఉండదు.

"ఎవరికీ చెప్పను, ఒట్టు," అన్నారు బసవపున్నయ్య, ముందుకి వంగి. "ఈ నాలుగు గోడల మధ్యే ఉంటుంది."

"చెప్పనండి."

"ముప్పైమంది మళ్లీ రోడ్డున పడతారు. నీ మూలంగా!"

ఆ మాట సూటిగా తగిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా లేచి, రిజిస్టరు బీరువాలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి హ్యాండ్‌బ్యాగులో పడేసుకుంది.

"తీసుకెళ్లి ఇచ్చుకోండి సార్. ఆర్డీవోగారు వచ్చి అడిగినా నా సమాధానం ఇదే. వాళ్లంతా నన్ను నమ్మి వచ్చారు. గది పోతే ఇంకో గది కోసం నేనూ ఆయన కాళ్లావేళ్లా పడతాను. పేరు పోతే వాళ్లకి మళ్లీ నేను తెచ్చివ్వలేను."

మెచ్చుకోవాలి ఆ మనిషిని. నెలజీతం మీద బతికే నర్సు, ఊరు ఊరంతా లేచి నిలబడే పెద్దమనిషి మొహం మీదే అంత మాట అనేసింది.

బసవపున్నయ్య లేచారు. అర్జీ తీసుకుని గుమ్మం దాకా నడిచారు. అంతా అయిపోయిందనుకుంది గ్లోరి. ఆయన బయటికి తొంగిచూసి, తలుపు దగ్గరగా వేసి, కాగితాన్ని నిలువునా చింపుతూ వెనక్కొచ్చారు. పేషెంట్లు కూర్చునే స్టూలు లాక్కుని దాని మీద కూలబడ్డారు.

"నీ నోరు ఎంత గట్టిదో చూద్దామనే, ఈ అర్జీ నేనే పట్టుకెళ్తానని ఊళ్లోవాళ్ల దగ్గర తీసుకున్నాను తల్లీ," అన్నారు గొంతు బాగా తగ్గించి. "ఇప్పుడు ఆ రిజిస్టరు తీసి రాసుకో... బసవపున్నయ్య, అరవై రెండేళ్లు, మోకాలి ఆపరేషనప్పుడు మొదలెట్టిన నొప్పిబిళ్లలు, మానలేక రోజుకి ఎనిమిది."