‘లేదు’ గడి

"అయిదేళ్ళ ఫారం కూడా వచ్చిందా అన్నయ్యా?" అంటూ రౌనో చేతిలో ఫోన్‌తో వంటింట్లోకి వచ్చాడు.

ఆపరేషనైనవాళ్ళు ఎలా ఉన్నారో అడుగుతూ ఆస్పత్రి పంపే ఆ కాగితం మీద ఎన్సియో చెయ్యి అడ్డం పెట్టాడు. మూత్రం కారుతోందా అన్న ప్రశ్నకి ‘లేదు’ గడిలో అప్పుడే గీత పెట్టాడు. ఏడాదికీ, మూడేళ్ళకీ వచ్చిన ఫారాల్లోనూ అలాగే పెట్టాడు.

"నాకూ నీ జబ్బే వచ్చింది. ప్రోస్టేట్ క్యాన్సర్. ఆపరేషనో, రేడియేషనో సాయంత్రంలోగా ఫోన్ చేసి చెప్పాలి. ఇలాంటి ఫారాలన్నీ కలిపి తీసిన దేశం మొత్తం లెక్క డాక్టరమ్మ చూపించింది. కోయించుకున్న వందలో తొంభైమంది అయిదేళ్ళ తర్వాత మూత్రం కారకుండా సుబ్బరంగా ఉన్నారట, నీలాగే. నేనూ కోయించుకుంటా."

ఎన్సియో ఫారాన్ని మరింత దగ్గరికి లాక్కున్నాడు.

"పద, సౌనా వేడెక్కింది. నీ ఆపరేషనయ్యాక ఒక్కసారి కలిసి కూర్చోలేదు. పిలిస్తే బీపీ అంటావు. సౌనాకి రానన్న ఫిన్లాండు వాణ్ణి నిన్నే చూశాను."

చిన్నప్పుడు ఆ సౌనా గది ఆవిరిలోనే, ఇద్దరూ బట్టల్లేకుండా కూర్చుంటే, తమ్ముడి వీపు రుద్దేవాడు ఎన్సియో. లేచి నిలబడ్డాడు. బెల్టు విప్పి, వంటింట్లోనే ప్యాంటు కిందికి జార్చాడు. లోపల పసిపిల్లలకి కట్టేలాంటి డైపరుంది, తడిసి బరువెక్కి.

"రోజుకి నాలుగు," అన్నాడు గోడకేసి చూస్తూ. "అడిగిన ప్రతిసారీ లేదనే రాశాను. ఎలా రాయమంటావు, మగాణ్ణి."

రౌనో ఫోన్ బల్ల మీద పెట్టేశాడు. ఫారం తీసుకుని ఆ గీత చూశాడు.

"ఆ తొంభైమందిలో నీలాంటివాళ్ళు ఎంతమంది అన్నయ్యా?"