విశ్రాంతి ఎవరి వంతు?

ఆ కాలంలో ప్రతి ఇంటి గోడమీదా ఒక పంపకాల యంత్రం ఉండేది. ఉద్యోగాలు చేసే దంపతుల ముంజేతి పట్టీలను చదివి, ఎక్కువ అలసిన వారికి విశ్రాంతినీ, తక్కువ అలసిన వారికి ఇంటి పనినీ, పిల్లల పనినీ కేటాయించేది. దాని మాట కాదన్న కాపురం విశాఖపట్నంలో లేదు.

రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చిన మెట్రో డ్రైవర్ హైమవతిని ఆ ఉదయం యంత్రం పడకగదికి వెళ్లమంది. పాపను ఆమె భర్త ఫణిభూషణ్‌కు అప్పగించింది. హైమ కదలలేదు. పాప ఇల నిన్నటి నుంచి గోడ వదిలి నిలబడుతోంది.

"నేనిలా పడుకుంటే అదలా నడిచేస్తుంది ఫణీ. బోర్లాపడినప్పుడూ నువ్వే చూశావు, పాకినప్పుడూ నువ్వే చూశావు."

"వీడియో తీసి పెడతాలే హైమా."

"నీ వీడియో నువ్వే చూసుకో!" ఆమె కళ్లు నిండాయి.

ఫణి బయటికి వెళ్లాడు. అపార్టుమెంటు మెట్లన్నీ ఎక్కి దిగి, మళ్లీ ఎక్కి, చొక్కా పిండుకునేంత చెమటతో వచ్చి హాల్లో నేలమీద కూలబడ్డాడు.

"ఫణిభూషణ్ గారు విశ్రమించాలి. పాప హైమవతి గారి వంతు," అంది యంత్రం.

"పిచ్చి మొహమా, గుండె ఆగితేనో?" అని నవ్వుతూ హైమ పాపను చంకలోంచి దించింది. ఇల ఒక క్షణం తూగింది. తల్లి వేలు వదిలేసి, తప్పటడుగులు వేసుకుంటూ వెళ్లి తండ్రి బొజ్జమీద పడింది. ఇద్దరూ ఒక్కసారే కేక పెట్టారు.

యంత్రం పట్టీలను మళ్లీ చదువుకుంది.

"ఇద్దరిలో ఎవరికీ అలసట లేదు. సింకు నిండా గిన్నెలున్నాయి."

"ఇద్దరం కలిసే తోముతాంలే తల్లీ. ముందు దీన్ని ఇంకోసారి నడవనీ," అన్నాడు ఫణి, నేలమీంచి లేవకుండానే.