వెనక స్ప్రింగు లేని సైకిలు

గుట్ట సగం ఎక్కేసరికి హలీమా కాళ్లు మొరాయించాయి.

సైకిలు దిగి, హ్యాండిల్ మీదే తల వాల్చింది. పొద్దున్నుంచీ ఊళ్లు తిరిగి ఒళ్లు హూనమైంది. ఆ పల్లెలకు నర్సుగా వచ్చి నెలైనా నిండలేదు, అప్పుడే ఈ ఉద్యోగం తన వల్ల కాదనిపిస్తోంది.

తొంభై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలం అది. సైకిలు కొత్తది. చెల్లెలు గుట్టల్లో తిరగాలి కదా అని అన్న బషీర్ జడ్చర్ల నుంచి ముచ్చటపడి తెచ్చిచ్చాడు. ముందూ వెనకా స్ప్రింగులే.

"రాళ్లల్ల తొక్కినా నడుం నొయ్యది" అన్నాడు.

నడుం నొప్పి లేదు, నిజమే. కానీ ఎత్తులో తొక్కినప్పుడల్లా సీటు కిందికి దిగేది తప్ప బండి ముందుకు కదిలేది కాదు. ఆమె బలమంతా వెనక స్ప్రింగే మింగేది.

పైన ఊళ్లో సాలమ్మ కోడలికి పొద్దున్నుంచి నొప్పులని కబురు.

"నర్సమ్మా, నా సైకిల్ తీస్కోండ్రి."

హలీమా ఉలిక్కిపడి తలెత్తింది.

మలుపు దగ్గర బండరాయి మీద కూర్చున్న మనిషి లేచి వస్తున్నాడు. మాసిన గడ్డం, గుండీలు ఊడిన చొక్కా. చేతిలో రంగు వెలిసిన పాత సైకిలు. దానికి ముందు మాత్రమే స్ప్రింగు. వెనకంతా బిగువైన ఇనుప చట్రం.

"ఎవరు నువ్వు?"

"పైన ఊరోన్నే. కృష్ణయ్య అంటరు. గిది జర ఎగిరేస్తది గని, తొందరగ ఎక్కుతది."

"మరి నాది?"

"గీడనే ఉంటది. నేను చూస్త."

"కొత్తదాని మీద కన్నువడ్డదా?"

అతని ముఖం చిన్నబోయింది. అయినా తన సైకిలును ఎత్తు వైపు తిప్పి పట్టుకున్నాడు.

"పైన ఆడబిడ్డ తన్లాడుతాంది నర్సమ్మా. తిట్టుడు ఎనక తిట్టుండ్రి, ముందు ఎక్కుండ్రి."

విసుగ్గా తన మందుల సంచిని ఆ సైకిలుకు మార్చుకుని ఎక్కింది.

దారిలోని ప్రతి రాయీ వెన్నుపూసను తాకింది. పళ్లు పటపటలాడాయి. కానీ ఆమె వేసిన ప్రతి తొక్కుడూ నేరుగా చక్రానికే చేరింది. దిగకుండా గుట్ట మీదికి చేరడం ఆమెకు అదే మొదటిసారి.

వెళ్లేసరికి బిడ్డ తల కనిపిస్తోంది. మెడకు బొడ్డుపేగు చుట్టుకుని ఉంది. హలీమా వేలు దూర్చి మెల్లగా తప్పించింది. నీలంగా ఉన్న పసిముఖం కాసేపటికి ఎర్రబడింది. ఏడుపు వినగానే సాలమ్మ గోడకు చేరగిలబడి తనూ ఏడ్చింది.

పొద్దు వాలుతుండగా హలీమా కిందికి దిగింది.

కృష్ణయ్య అదే మలుపులో నిలబడి ఉన్నాడు.

"తల్లి, బిడ్డ బాగున్నరా?"

"బాగున్నరు."

అతను కళ్లు మూసుకుని తెరిచాడు.

హలీమా తన సైకిలు గంట నొక్కి చూసింది. టైర్లు ఒత్తి చూసింది. అది గమనించి అతను చూపు తిప్పుకున్నాడు.

"నాది మీ కాడనే ఉంచుకోండ్రి, నర్సమ్మా."

"ఊరికెనే ఎవరిస్తరు? రేపొచ్చి ఇంకేదో అడుగుతవు. నాకొద్దు."

"ఏం అడుగనమ్మా."

ఆమె వినలేదు. ఒక మంచి మాట అనే ఓపిక కూడా లేక, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

పసిబిడ్డను చూడటానికి మళ్లీ వచ్చినప్పుడు, స్ప్రింగుల సైకిలును సగం దారి నుంచి నెట్టుకుంటూనే ఎక్కింది. మలుపులో ఎవరూ లేరు.

సాలమ్మ వాకిట్లో కృష్ణయ్య సైకిలు ఉంది. టైర్ల నిండా గాలి. సీటు మీద మెత్తగా ఉండేలా పాత చీర ముక్క మడతలు పెట్టి చుట్టి ఉంది.

"నీకే ఇయ్యమన్నడు బిడ్డా. వద్దన్నా ఇయ్యమన్నడు" అంది సాలమ్మ.

"ఆయనేడి?"

"బొంబాయి వోయిండు, మట్టి పనికి. ఇగ రాడంట. ఇంటికి తాళం గూడ ఎయ్యలే."

హలీమా సీటు మీద చెయ్యి వేసింది.

"మీకు చుట్టమా?"

"ఏం కాడు. ఊళ్లె ఎవ్వలికి నొప్పులొచ్చినా సైకిల్ పట్టుకొని మలుపుల నిలవడేటోడు, నర్సమ్మ ఆగిపోతదేమోనని."

"ఎందుకట్ల?"

సాలమ్మ ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి, పసిబిడ్డను ఒడిలో పెట్టి, మెల్లగా పక్కన కూర్చుంది.

"నీకంటె ముందున్న నర్సమ్మ గుట్ట ఎక్కలేక సగం తొవ్వల ఎనక్కి మళ్లిన నాడు, కడుపుల బిడ్డతోని పాణం ఇడిసింది కృష్ణయ్య పెండ్లామే బిడ్డా."