నడుము నిలిచాక

"మోకాళ్లు మడవండి. నడుము పరుపుకి ఆనించే ఉంచండి," అంది ఫిజియో.

మంచం మీది ఇల్లాలు మోకాళ్లు మడిచేలోపే భర్త వచ్చి పక్కన నిలబడ్డాడు. నొప్పి ఎక్కడో ఆమెను అడిగితే ఆయనే చూపించాడు. బాత్రూంలో కాలు జారిందట. వెన్నుపూసలకు దెబ్బ లేదు, నడుము కండరాలు బెణికాయని చెప్పి, వ్యాయామాలు చేయించడానికి డాక్టరే ఫిజియోను ఇంటికి పంపాడు.

జారేవాళ్లు పడేముందు నేలకు చెయ్యి ఆనించబోతారు. మణికట్టు వాచి ఉంటుందేమోనని ఫిజియో రెండు చేతులూ నొక్కి చూసింది. ఏమీ లేదు.

"అంతవరకూ అదృష్టం," అన్నాడు భర్త.

ఫిజియోకు ముచ్చటేసింది. సెలవు పెట్టి మరీ భార్యను కనిపెట్టుకుని ఉండే మగాణ్ణి ఆమె ఏ ఇంట్లోనూ చూడలేదు. తనకు తలనొప్పి వస్తే పక్కగదిలోంచి మాత్ర వేసుకోమని కేకేసే తన మొగుడికి ఈయన సంగతి చెప్పి దెప్పిపొడిచింది కూడా.

ఒక్క విషయంలోనే ఆయనతో పేచీ. ఆమెను మంచం దిగనివ్వకూడదంటాడు. ఎన్ని నెలలైనా తను చూసుకుంటానంటాడు. పడుకునే ఉంటే కండ బిగుసుకుపోతుందని, నొప్పి ఉన్నా కొంచెం కొంచెం నడవాలని ఫిజియో నచ్చజెప్పింది. ఆయన సరేనన్నాడు గానీ మొహం మాడ్చుకున్నాడు.

ఆ ఇంట్లో అడుగుపెడితే ఫిజియో గొంతు దానంతటదే తగ్గిపోయేది. టీవీ మోగదు. కిటికీలు తెరవరు. పడకగదికి వెళ్లాలంటే నిటారు మెట్లు ఎక్కాలి. ఆయన ఫోను మోగి బయటికి వెళ్లినప్పుడే ఇల్లాలు మాట్లాడేది. అదీ గుమ్మం వంకే చూస్తూ, పెదవులు కదిపీ కదపనట్టు.

బరువు ఎప్పటికి ఎత్తగలనని అడిగింది ఒకసారి. చేతుల్లో బలం రావడానికి కూడా ఏమైనా చెప్పమంది ఇంకోసారి. నడుము కాస్త సర్దుకున్నాక ఒకరోజు అడిగింది.

"మెట్ల మీద ముందుకు పడితే ప్రమాదమా మేడమ్, వెనక్కి పడితేనా?"

ఒకసారి పడ్డవాళ్లకు ఆ భయం ఉండేదే. వెనక్కి పడితే మెట్టు అంచు నేరుగా నడుముకు తగులుతుందని, కాళ్లు చచ్చుబడిపోవచ్చని, అందుకే రెయిలింగ్ వదలకూడదని ఫిజియో ఓపిగ్గా చెప్పింది.

"ఆయన ఎప్పుడూ పట్టుకోరు," అంది ఇల్లాలు.

"మీరైనా చెప్పండి మరి," అంది ఫిజియో నవ్వుతూ.

నడుము నిలిచింది. ఇక తన అవసరం లేదని ఫిజియో రావడం మానేసింది. కొన్నాళ్లకు అదే ఇంటినుంచి మళ్లీ కబురొచ్చింది.

ఇల్లాలే తలుపు తీసింది. చకచకా మెట్లెక్కుతూ ముందు నడిచింది. ఇప్పుడు మంచం మీద భర్త ఉన్నాడు. కాళ్లు కదలడం లేదు. ఎలా జరిగిందని ఫిజియో ఆయన్నే అడిగింది. ఆయన భార్య వంక చూశాడు.

"మెట్ల మీద జారారు," అంది ఆమె.

ఫిజియోకు మనసు చివుక్కుమంది.

"ముందు మీరు, ఇప్పుడు ఈయన. ఒకే ఇంట్లో ఇద్దరూ జారిపడడమేమిటండీ, పాపం."

ఇల్లాలు దుప్పటి ముడతలు సరిచేసింది. భర్త కళ్లలోకి చూస్తూనే, మెల్లగా అంది.

"నేను జారిపడలేదు మేడమ్."